తొట్టిలో మిగిలిన ఉప్పు

చేప నీరసంగా ఉందని బావ తన ఇంటి తొట్టి నీళ్లు సీసాలో పోసుకుని బావమరిది రంగు చేపల దుకాణానికి పట్టుకొచ్చాడు. బావమరిది అందులో ఉప్పు కొలిచి చూశాడు. ఉండాల్సినదాని కన్నా చాలా ఎక్కువ ఉంది.

“నీళ్లు తగ్గినప్పుడు ఏం పోశావు బావా?”

“ఉప్పునీళ్లే. సముద్రపు చేపే కదా! మూడు వారాలుగా రోజూ చెంబెడు.”

“ఆవిరయ్యేది నీళ్లు, ఉప్పు కాదు. మంచినీళ్లు పొయ్యాలి.”

“ఉప్పులో పుట్టినదానికి ఉప్పు బరువా?”

“ఉప్పు దాని ఒంట్లో నీళ్లు లాగేస్తుంది. పాపం, అది ఆ నీళ్లే తాగి, మొప్పల్లోంచి ఉప్పు కక్కుతూ బతుకుతుంది. నువ్వు కక్కే తీరికైనా ఇవ్వలేదు.”

“ఇప్పుడేం చెయ్యాలి?”

“కొంచెం కొంచెంగా మంచినీళ్లు కలుపు. రెండ్రోజులు పడుతుంది.”

“రేపే మీ అక్క ఊరి నుంచి వస్తోందిరా! ఒక్కసారే పోసేస్తా.”

“చేప చచ్చిపోతుంది. అక్క తిట్లకి అలవాటు పడటానికి నీకు పదేళ్లు పట్టింది. దానికి రెండ్రోజులు ఇవ్వలేవా?”