విప్పని పట్టీలు

జాంబియాలోని కిట్వేలో కపాంబ్వెని సాగనంపే పొద్దు. వాకిట్లో ఆడవాళ్ళు పాడుతూ ఏడుస్తున్నారు. లోపల శవం దగ్గర ఆయన కూతురూ, ఆయనతో కలిసి బాక్సింగ్ ఆడిన ముసలాయనా ఉన్నారు.

"బాబాయ్, జాంబియా అని రాసున్న ఆకుపచ్చ కోటు తొడుగుదామా?"

"అది ఇరవయ్యేళ్ళ కుర్రాడి కోటమ్మా. ఇప్పుడు వేస్తే అందులో మీ నాన్న దొరకడు. పెట్టెలో పట్టీలుండాలి చూడు, గ్లవ్స్ కింద చేతులకి చుట్టుకునేవి."

"ఇవేనా? కొత్తగానే ఉన్నాయే."

"డెబ్భై ఆరులో మాంట్రియల్ ఒలింపిక్స్‌కి తీసుకెళ్ళాడు. విప్పనే లేదు."

"ఎందుకు ఆడలేదో మాకెప్పుడూ చెప్పలేదు."

"నల్లవాళ్ళని తొక్కేస్తున్న దక్షిణాఫ్రికాకి వెళ్ళి న్యూజిలాండ్ రగ్బీ ఆడింది. అయినా న్యూజిలాండ్ వాళ్ళని ఒలింపిక్స్ నుంచి పంపెయ్యలేదని మన ఆఫ్రికా దేశాలు వెనక్కొచ్చేశాయి. మమ్మల్నీ సామాన్లు సర్దుకోమన్నారు."

"మంచి పనే కదా?"

"మంచి పనే. మీ నాన్న కూడా కాదనలేదు. కానీ ఎదుటివాడు గెలిచినట్టు ప్రకటించి, మీ నాన్న రాలేదని చెప్పారట. అదే మింగుడుపడలేదు. 'నేనొచ్చాను కదరా, అక్కడే ఉన్నాను కదరా' అనేవాడు. మొన్న ఆస్పత్రిలోనూ అదే మాట."

"మీరేమన్నారు?"

"పడుకోరా అన్నాను."

"బాబాయ్, బయట బండి వచ్చింది. ఇంకా అవలేదా?"

"కాసేపు ఆగమను. ఎడమ చేతికి పట్టీ చుట్టడం అయిపోయింది. మీ నాన్న కుడిచెయ్యి కొంచెం ఎత్తి పట్టుకో తల్లీ."