తిబుర్జియో వంతు

నువ్వు నమ్మవులే మత్తేయో, నమ్మితే నా చెవి కోసిస్తా. అయినా చెప్తా, ఆ ఫిడేలు అలా పక్కన పెట్టి కూర్చో. ఇందాక చర్చిలో ఎర్కోలే మాస్టారి సొనాటా వాయించారు కదా, ఆ నెమ్మది భాగంలో రెండో ఫిడేలు మీద పాకం మీద పాకం పోసినట్టు గమకాలూ సంగతులూ కుమ్మరించావే, అదుగో, అప్పుడే లేచొచ్చి నీ చెయ్యి పట్టుకుని ఆపేద్దామనుకున్నా. నీ తప్పు కాదులే. అచ్చు పుస్తకంలో బోడి స్వరాలుంటాయి, వాటికి బట్టలు తొడగడం వాయించేవాడి పని. తొడక్కపోతే చేతకానోడంటారు. మన బొలోన్యా ఊళ్లో పుట్టినోడెవడూ ఆ మాట పడలేడు.

నేను మాస్టారి పక్కన పెద్ద ఫిడేలు వాయించినోణ్ణి. మనిషంత ఎత్తుది. ఒక్క లాగు లాగితే మూడిళ్ల అవతల పులుసు గిన్నెలు గలగలమనేవి. నవ్వకు, చదువు లేకపోయినా చెవుంది నాకు. మాస్టారిది మొదటి ఫిడేలు, ఆయన తమ్ముడు తిబుర్జియోది రెండోది. వాడు తిండిపోతు, బద్ధకస్తుడు, కానీ కమాను పట్టాడంటే... స్వరం కిందనించి పాకుతూ వచ్చి, పైకెక్కి, జారి, నిట్టూర్చినట్టు ఆగేది. రోజుకో రకం. ఒక్కటీ రాసి పెట్టలేదు. ఎవడు రాస్తాడు అలాంటివి?

ఒక ఏడు ఊరికి జ్వరాలొచ్చి వాణ్ణి తీసుకుపోయాయి. మాస్టారు ఏడవలేదు. తమ్ముడి ఫిడేలు రోజూ తీసి, శ్రుతి చేసి, వాయించకుండా మళ్లీ పెట్టేసేవాడు. మా ఆవిడ చూసి, వడ్డించిన కంచం ముందు పెట్టుకుని తినేవాడి కోసం కూచున్నట్టుందయ్యా అంది. వాడి సంగతులు రాద్దామని చూశాడు, రాలేదు. నన్ను పాడమన్నాడు. ఈ ఊళ్లో నా అంత జ్ఞాపకం ఎవడికీ లేదు, అయినా నేను పాడితే స్వరాలొచ్చాయి గానీ తిబుర్జియో రాలేదు. అప్పుడు రాశాడు ఈ సొనాటా.

రెండో ఫిడేలు వాయించడానికి పక్కూరు మోదెనా నించి ఫెలిచియానో అని ఒకణ్ణి తెచ్చాం. సోకు కోసం జుట్టుకి తెల్ల పిండి రాసుకునే రకం. నెమ్మది భాగం రాగానే వాడూ నీలాగే అల్లడం మొదలెట్టాడు. మాస్టారు కమాను దించేశాడు.

"ఉన్నది ఉన్నట్టు పట్టు నాయనా. అక్కడ సంగతులు మా తమ్ముడివి."

"ఆయన పోయాడు కదండీ. బోడిగా వాయిస్తే నాకు రాదనుకుంటారు జనం."

"అనుకోనీ. వాడి వంతు కూడా నువ్వే తినేస్తే, వాడికేం మిగులుతుంది?"

పండగనాడు చర్చి కిక్కిరిసిపోయింది. ఫెలిచియానో బోడి స్వరం పట్టుకుని, చెంపలు ఎర్రబడి నిలబడ్డాడు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు కూడా. అదుగో, అప్పుడు వినపడింది. కిందనించి పాకుతూ వచ్చి, పైకెక్కి, జారి... ఫెలిచియానో వేళ్లు కదల్లేదు, ఈ కళ్లతో చూశా. నవ్వినోడు నోరు మూసేశాడు. మాస్టారు తను వాయించడం ఆపి, కాస్త పక్కకి జరిగాడు, ఇరుకు సందులో తమ్ముడికి దారిచ్చినట్టు. చివరిదాకా అలాగే నిలబడిపోయాడు. ఆ తరవాత ఫిడేలు ముట్టుకోలేదు. చలికాలం దాటకుండానే ఆయనా పోయాడు.

ఏంటా చూపు? ముసలాడు కోతలు కోస్తున్నాడనా? సాయంత్రం ప్రార్థనకి మళ్లీ అదే వాయిస్తారుగా. ఆ స్వరాలు బోడిగా పట్టు. నవ్వేవాళ్లని నవ్వనీ. నేను ముందు బెంచీలోనే కూచుంటా. తిబుర్జియో రాకపోతే, అందరూ వినేట్టు నన్ను అబద్ధాలకోరని పిలువు. దమ్ముంటే పిలువు, చూద్దాం.