అర్చనకి వేసిన నాలుగు మార్కులు

నన్నంటారేంటి ఎస్సై మేడమ్, పోటీ పెట్టమన్నది పై ఆఫీసు వాళ్లు. సాయంత్రం అయిదింటికల్లా ఫొటోలు గ్రూపులో పడాలన్నారు. పడ్డాయి. మీరు దీపం వెలిగిస్తున్నది, మా ప్రిన్సిపాల్ మీకు శాలువా కప్పుతున్నది, పిల్లలంతా చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేస్తున్నది. తిరువూరులో ఇంకే కాలేజీ అయినా ఇంత బాగా చేసిందా?

మీరూ బాగానే మాట్లాడారు. భయపడకండి, ఎవరో ఒకరికి చెప్పండి అన్నారు. చెప్పి మీరు జీపెక్కారు, దిద్దడానికి నేను మిగిలాను. ఎనభై ఆరు వ్యాసాలండీ. ‘మహిళలపై హింస, విద్యార్థుల పాత్ర’. ముప్పై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను, దత్తాత్రేయులు సార్ దిద్దాడంటే ఇక తిరుగులేదని పేరు.

మొదటి బహుమతి నవదీప్‌కి ఇచ్చాను. శ్లోకంతో మొదలెట్టాడు, నినాదంతో ముగించాడు. మధ్యలో ఎక్కడా ఒక్క ఆడమనిషి కూడా కనబడదు, అది వేరే సంగతి.

ఇక అర్చన. ఆ పిల్లేనండీ, మీరు దిగగానే పూలగుత్తి ఇచ్చింది. ఎ.కొండూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఉపోద్ఘాతం లేదు, ఉపశీర్షికలు లేవు. మొదటి వాక్యమే ‘మా అక్క పేరు సాయిప్రసన్న’ అని. వ్యాసం అలా మొదలవుతుందా, మీరే చెప్పండి?

రెడ్డిగూడెంలో అత్తారిల్లట. మొగుడు అవినాష్‌ది మామిడికాయల వ్యాపారమట. బెల్టుతో కొడతాడట, ఫోను లాక్కున్నాడట. అమ్మతో చెబితే, సర్దుకుపొమ్మను అందట. ఈసారి చంపేస్తానన్నాడట. ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో సహా రాసింది.

పక్కన ఎర్రసిరాతో రాశాను, ‘సొంత విషయాలు అనవసరం, సమాజం గురించి రాయాలి’ అని. ఇరవై అయిదుకి నాలుగు వేశాను. అవీ దస్తూరి బాగుందని.

అలా చూడకండి మేడమ్. చదివాను, అర్థమయింది కూడా. ఎవరింట్లో లేదులే అనుకున్నాను. ఒకళ్ల సంసారం మనం నెత్తినేసుకోవడమెందుకు అనుకున్నాను. మీరైతే ఏం చేసేవారు? సరే, మీరు పోలీసులు, మీ సంగతి వేరు.

మీరెందుకొచ్చారో తెలుసులెండి. నిన్న ఆ సాయిప్రసన్నని ఆసుపత్రిలో చేర్చారు, ఇంకా స్పృహ రాలేదు. మెట్ల మీంచి జారిందంటున్నాడు మొగుడు. ఇదివరకెప్పుడూ గొడవల్లేవంటోంది కన్నతల్లి, పరువు కదా మరి. అర్చన ఒక్కతే, మా సార్‌కి ముందే రాసిచ్చాను అంటోంది. ఆ కాయితం దొరికితే కేసు నిలబడుతుంది. దొరక్కపోతే తప్పంతా మెట్లదే.

పొద్దున మీరు ఫోన్ చేస్తే, వ్యాసాలన్నీ పాత కాయితాలవాడికి వేసేశామన్నాను. అబద్ధం. ఆ కాయితం ఈ బీరువాలోనే ఉంది. మీరు ఫోన్ పెట్టేశాక చింపేద్దామని చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆ పిల్ల రాసినదాని గురించి కాదండీ, దాని మీద నేను రాసినదాని గురించి. నలుగురూ చూస్తే నా ముప్పై ఏళ్ల పేరేంకాను? చదవేస్తే ఉన్నమతి పోయిందని ఊరికే అన్నారా?

ఇదిగోండి, తీసుకోండి. పైన తొమ్మిది రోజుల కిందటి తేదీ ఉంది, అర్చన పేరుంది. కింద నా సంతకం.

చివరి వాక్యం చదవకండి మేడమ్.

చదివేశారా. ‘సార్, ఇది చదివాక దయచేసి ఎవరికైనా చెప్పండి.’ అవును, దాని మీద ఆ గీత నేను కొట్టిందే. పక్కన రాసిందీ నేనే. ‘ముగింపు ఇలా ఉండకూడదు.’