సమాధుల తోటల నేర్సిన చదువు

"అమ్మా, గంత పెద్ద వయసుల పదో తరగతి ఎట్ల చదివినవే? ఫోన్ల రికార్డు పెట్టిన, చెప్పు."

పెట్టినవా? జర దగ్గరికి జరుపు, గొంతు లేస్తలేదు. తెలంగాణ వచ్చినంక ముచ్చట గది. మీ నాయిన పోయి ఏడాదయింది. రైసు మిల్లుల పని చేసేటోళ్లం ఆరుగురం ఆడోళ్లం చదువుకు ఒప్పుకున్నం. ముందు అక్షరాలు, గటెన్క ఓపెన్ స్కూలు. ఆదివారం ప్రార్థన అయినంక పాస్టరమ్మ చెప్తుండె. బోర్డు లేకుండె బిడ్డ. చర్చి ఎన్క సమాధుల తోట ఉంది గద, గా రాళ్ల మీది పేర్లు చదివిపిచ్చేది. మా మేనత్త బిడ్డ రాజమణి, నీకెరుకనే గద దాని నోరు, "సచ్చినోళ్ల కాడ నేర్సిన చదువుకు కొలువెవడిస్తడే?" అని నవ్వుతుండె. మీ నాయిన రాయి కాడికొస్తె నేను ఆగిపోతుంటి. మొగని పేరు నోట తీసి ఎరుగను. గా రాయి రాజమణే చదివేది.

గట్లుండంగ, పక్క చెల్క ఆసామి గా జాగ తనదన్నడు. "ఆడ ఎవలున్నరు? ఉత్త రాళ్లే గద!" అన్నడు. నల్గొండ కలెక్టరాఫీసుకు పోయి దరఖాస్తు ఇచ్చినం, జవాబు లేదు. ఒకనాడు మిట్టమధ్యాన్నం జేసీబీ వచ్చింది.

మిల్లుల పని ఇడిసిపెట్టి ఉరికినం. నువ్వప్పుడు పాలమూరు దిక్కు హాస్టల్ల ఉంటివి. నా మీద కేసయితె నీకు దిక్కెవలు? కానీ మీ నాయిన గాడనే పండిండాయె.

రాజమణి బండికి అడ్డం నిలవడి, "ఎవలు లేరంటుండు గద, చదువుర్రే!" అన్నది. ఒక్కొక్కలం ఒక్కో రాయి చదువవడితిమి. పేరు చదువంగనే నేలల నుంచి "ఆ" అని సప్పుడు. బడిల హాజరు పలికినట్టు. గాలి అనుకున్న. గాలి లేదు, వేపాకు గూడ కదుల్తలేదు. రాజమణి దిక్కు చూసిన, అది నా దిక్కు చూడలె. నిజమా అంటె ఒట్టు పెట్టను బిడ్డ. చెవుల వడ్డది చెప్తున్న.

నా వంతుకు మీ నాయిన రాయే వచ్చింది. రాజమణి తలకాయ అడ్డం తిప్పింది, నువ్వే చదువాలె అన్నట్టు. చదివిన. మొదటిసారి. "ఆ" అనలె. "సువార్తా" అని నన్నే పిలిచిండు. బువ్వ పెట్టమని పిలిచినట్టు, మెల్లగ.

కండ్ల ముందట మనిషి లేకుండ పిలుపొస్తె పలుకొద్దు, తోల్కపోతరని మా అవ్వ చెప్తుండె. జవాబు నాలిక మీదికొచ్చింది. హాస్టల్ గేటు పట్టుకొని నిలవడ్డ నువ్వు కండ్లల్ల మెదిలినవ్. కొంగు నోట్ల కుక్కుకున్న.

డ్రైవరు ఇంజను బందు చేసి దిగిండు. మా ఎన్క దిక్కే చూస్కుంట, "గింతమంది ఉన్నరని నాకెవలు చెప్పలేదమ్మా" అన్నడు. ఉన్నది మేం ఆరుగురమే. బండి ఆన్నే ఇడిసి, తొవ్వ పట్టుకొని పోయిండు.

ఎన్కసీరి మా దరఖాస్తు మీద నల్గొండ ఆఫీసరొచ్చి కొలిసిండు, హద్దురాళ్లు పాతిచ్చిండు. జాగ నిలవడ్డది. నేను పది పాసైన, లెక్కలు రెండోసారికి అనుకో.

ఆయన మల్ల పిలువలె. ఆదివారం పోయి కూసుంట. అలిగిండో ఏమో. నీకు నౌకరొచ్చింది, ఇప్పుడు పిలిస్తె పలుకుత గని...

అగో, ఏడుస్తవేందే? సల్లగ బతుకు బిడ్డ, నూరేండ్లు. ఆదివారం నాడు ఫోన్ చేసుడు మాత్రం మర్వకు.