చప్పుడు వినిపించే గది

స్కాట్లాండులో, ట్వీడ్ నది ఒడ్డున ఉన్న అతిథిగృహానికి చేపల వేటకని చూపులేని పెద్దాయన ఒకాయన వచ్చాడు. ఇంటావిడ ఆయనకు గదులు చూపిస్తోంది.

“ఇది పెద్ద గదండీ. మెత్తటి మంచం, పక్కనే స్నానాల గది.”

“ఇక్కడికి నది వినిపించడం లేదమ్మా. వెనక గది ఉందన్నారు?”

“అది ఇరుకండీ. ఇక్కడైతే కిటికీలోంచి కొండలు... అయ్యో, మరిచిపోయాను!”

“పరవాలేదమ్మా. చూపు పోయి ఏడాదయినా నేనూ మరిచిపోతుంటాను.”

“ఒకటడుగుతాను, ఏమనుకోకండి. మరి చేపలెలా పడతారు?”

“ట్రౌట్ చేప నీటి పైకొచ్చి పురుగును మింగితే చిన్న చప్పుడవుతుంది. అటు గాలం విసరాలి. నావల్లవుతుందో లేదో తెలుసుకుందామనే వచ్చాను.”

ఆమె ఆయన్ను వెనక గదికి తీసుకెళ్ళి కిటికీ తెరిచింది.

“వినిపించేది నీళ్ళ గలగలే కదండీ?”

“ఉండండి... అదిగో చేప చప్పుడు, ఒడ్డుకి దగ్గర్లోనే!”

“అవునండోయ్! ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లోనే ఉన్నా, ఒక్కసారీ విననే లేదు. పదండి, మీ గాలం నేను పట్టుకొస్తాను!”