జేబులో దొరికిన వేలు

ఉతకడానికి తీసిన మగని చొక్కా జేబులో శశికళకు ఒక చీటీ, అందులో ఉంగరమంత చుట్టి ముడివేసిన పట్టుదారం దొరికాయి. తన వేలికి తొడిగి చూసుకుంటే కణుపు దాటలేదు. నేరుగా మగడు నేస్తున్న మగ్గం దగ్గరికి నడిచింది.

“ఇది ఎవరి వేలు?”

“యాడ దొరికింది నీకు?”

“నీ జేబులో. తెగిన పోగుకు నువ్వేసే ముడే ఇది. చీటీలో రాత గూడా నీదే. ఉంగరం మన సైజు పన్నెండు, అమెరికా సైజు ఆరు అని.”

“ఫోన్లో చూసి రాసుకున్యా. ఆన్‌లైన్లో వాళ్ల సైజే అడుగుతాండారు.”

“నా వేలు పదహారుకు తగ్గదు. మగ్గానికి దారం కండెలు చుట్టేదానికొచ్చే మధులత వేళ్లే ఇంత సన్నం. దాని చెయ్యి పట్టుకోని కొలిచినావా?”

“ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అది నీ కొలతే. నీకు తెలీకుండా కొందామని, బీరువాలో ఉండే నీ పెండ్లి ఉంగరం లోపలి అంచుకు దారం చుట్టినా.”

మధులత మీది మంట ఆరింది. శశికళ దారాన్ని మళ్లీ తన వేలికి తొడిగి, కణుపు దగ్గర ఆగిన చోటు అతనికి చూపించింది.

“అయితే నువ్వింకా ఆ పెండ్లికూతురితోనే కాపురం చేస్తాండావు. ఆ ఉంగరం నాకు పట్టక పద్నాలుగేండ్లాయ. ఒక్కనాడన్నా నా చెయ్యి చూసినావా?”