ఖాళీగా వదిలేసిన బరువు

మాచర్లలో ఒక మెకానిక్ షెడ్డు ముందు పావుగంట తచ్చాడి, చివరికి ఆ పెద్దాయన లోపలున్న మెకానిక్ దగ్గరికి వెళ్లాడు.

"భాయ్, ఇరవయ్యారేళ్లుగా ఒక్కణ్ణే ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నా. మీ పాపను చేర్చిన ఆస్పత్రిలోదీ నేను రాసిందే."

"పాప పోయి ఎనిమిదేళ్లయింది సార్. ఇప్పుడేంది?"

"మొన్న ఆ పాత ప్రోగ్రాం మారుస్తుంటే తప్పు దొరికింది. నర్సు కంప్యూటర్లో పేషెంటు బరువు కొట్టడం మర్చిపోతే, అంతకుముందు పేషెంటు బరువే తీసుకుని మందు మోతాదు చూపించేది. రికార్డులన్నీ తిరగేశా. మీ ఫరాకు పెద్దవాళ్ల మోతాదు పడింది."

"ఇంట్లో జ్వరం సిరప్ రెండుసార్లు తాగిచ్చినందుకే పోయిందన్నారు గదా?"

"సిరప్ వల్ల కాదు. నా వల్ల. ఆ మాటే కాగితం మీద రాసి ఆస్పత్రిలో ఇచ్చొచ్చా. పోలీస్ స్టేషన్‌లో కూడా ఇస్తా."

మెకానిక్ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. కొడతాడనుకున్నాడు ఆయన. కొడితే బాగుండుననిపించింది.

"సిరప్ తాగిచ్చింది వాళ్లమ్మ. బిడ్డను చంపుకున్నావని నలుగురిలో అన్నా సార్. ఆ మాట పడలేక పుట్టింటికి పోయింది."

"ఎక్కడ?"

"నకరికల్లు. నేను పోతే తలుపు తీయదు. నాకు చెప్పింది చెప్పినట్టు ఆమెకు మీరే చెప్పాల. బండెక్కండి. దారిలో మాత్రం నాతో మాట్లాడొద్దు."